పాత కార్బొరేటర్ మారుతి 800లో వాక్యూమ్ లీకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్బొరేటర్ ఉన్న మారుతి 800ను ఇంకా నడుపుకుంటున్నవారి సందేహాలు తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తాయి. ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) నిలవదు, కార్బొరేటర్‌ను రెండుసార్లు విప్పి కడిగించారు, అయినా సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కార్బొరేటర్‌లో కాకుండా దాని కింద, దాని చుట్టూ ఉన్న రబ్బరులోనో, అతుకుల మధ్య పెట్టే కాగితపు ప్యాకింగ్‌లోనో దొరుకుతుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. కార్బొరేటర్ మోడళ్లు అంతకు చాలా ముందే ఆగాయి. అందువల్ల లీకు దొరికాక, దాన్ని మూసే భాగం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న తప్పకుండా వెంట వస్తుంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకునేలా వీటిని కూర్చాను.

## ముందుగా తెలియవలసినవి

వాక్యూమ్ లీకు అంటే గాలి బయటికి పోవడమా, లోపలికి రావడమా?

లోపలికి రావడమే. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్ పళ్లెం (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాదాపు మూసుకుని ఉంటుంది, పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. అందుచేత థ్రాటిల్‌కు, వాల్వులకు మధ్య సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో, అంటే మానిఫోల్డ్‌లో, పీడనం బయటి గాలి పీడనంలో సగం కంటే తక్కువకు పడిపోతుంది. ఆ భాగంలో ఎక్కడ సందు దొరికినా బయటి గాలి అక్కడి నుంచి చొరబడుతుంది. కార్బొరేటర్ తన గొంతులో నుంచి వెళ్లే గాలికి మాత్రమే లెక్కప్రకారం పెట్రోలు కలుపుతుంది కాబట్టి, దొంగదారిన వచ్చిన ఈ గాలికి పెట్రోలు ఉండదు. మిశ్రమం పలచబడి, మంట సరిగా అంటుకోక ఇంజిన్ కొట్టుకుంటుంది.

అగ్గిపుల్ల దూరేంత చిల్లు ఇంజిన్‌ను నిజంగా అంత ఇబ్బంది పెడుతుందా?

పెడుతుంది, ఎందుకో చిన్న లెక్క వేసి చూడవచ్చు. 796 సీసీ ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్‌లోని తక్కువ పీడనాన్ని లెక్కలోకి తీసుకుంటే, అది పీల్చే గాలి నిమిషానికి ఇంచుమించు 100 నుంచి 130 లీటర్లు. మానిఫోల్డ్‌లో అంత వాక్యూమ్ ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్ల చిల్లు గుండా నిమిషానికి 50 లీటర్లకు పైగా గాలి దూరగలదు. అంటే ఇంజిన్‌కు అవసరమైన గాలిలో దాదాపు సగం, పెట్రోలు లేకుండా వచ్చి పడుతోందన్నమాట. నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజిన్ ఇదే చిల్లును కొంతవరకు ఓర్చుకుంటుంది కానీ, మూడు సిలిండర్ల ఈ చిన్న ఇంజిన్‌కు అంత ఓపిక లేదు.

సిగ్నల్ దగ్గర కొట్టుకుంటుంది, హైవే మీద మాత్రం హాయిగా వెళ్తుంది. ఇది లీకేనా?

వాక్యూమ్ లీకుకు ఇది సహజమైన లక్షణం. లీకు గుండా వచ్చే గాలి పరిమాణం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం కాబట్టి అది పెద్ద వాటా అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కాక ఇంజిన్ పీల్చే గాలి ఎన్నో రెట్లు పెరగడమే గాక వాక్యూమ్ కూడా తగ్గిపోతుంది కనుక లీకు లెక్కలోకి రాదు. ఇందుకు విరుద్ధంగా వేగం పెరిగేకొద్దీ బండి లాగలేకపోతూ ఐడిలింగ్ మాత్రం నెమ్మదిగా, నిలకడగా ఉంటే, వెతకవలసింది పెట్రోలు పంపు, ఫిల్టరు, మెయిన్ జెట్ల (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని చిల్లుల) వైపు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక సమస్య పెరిగినట్టుంది. సంబంధం ఉందా?

రెండు విధాలుగా ఉంది. ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే. శుద్ధ పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 కిలోలు చాలు. కంప్యూటరు ఉన్న కారు ఈ తేడాను తనంతట తానే సర్దుకుంటుంది. కార్బొరేటర్ జెట్టు మాత్రం ఎప్పుడో కొలిచి వేసిన చిల్లే కాబట్టి, ఏ లీకూ లేకపోయినా మిశ్రమం కొంత పలచబడే ఉంటుంది. నిన్నటిదాకా బయటపడని చిన్న లీకు ఈ స్థితిలో బయటపడుతుంది.

రెండో సంబంధం రబ్బరుతో. పాత కార్లలో వాడిన రకాల రబ్బరును ఇథనాల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది, లేదా కొన్నాళ్లకు పెళుసుబరుస్తుంది. 2025 నాటికి దేశమంతటా ఈ20యే మామూలు పెట్రోలు అయింది కనుక, మార్చే ప్రతి పైపునూ దాన్ని తట్టుకునే రకంలోనే కొనడం మంచిది.

నాది ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్మే) 800. ఇవే లక్షణాలు కనిపిస్తాయా?

కొంత తేడా ఉంటుంది. ఈ కార్లలో కంప్యూటరు మానిఫోల్డ్‌లోని పీడనాన్ని చూసి పెట్రోలు పోస్తుంది కాబట్టి, లీకు గాలి వచ్చి పీడనం పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోలూ పెంచుతుంది. అందువల్ల ఇంజిన్ ఆగిపోవడం కంటే ఐడిలింగ్ వేగం పెరిగి దిగిరాకపోవడమే ఎక్కువగా చూస్తాం. మానిఫోల్డ్ నుంచి పీడన సెన్సర్‌కు వెళ్లే దారిలోనే లీకు ఉంటే మాత్రం కంప్యూటరు తప్పు లెక్క వేసి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, పొగ నల్లగా వస్తుంది.

## లీకును పట్టుకోవడం

మెకానిక్ కార్బొరేటర్ మార్చెయ్యమంటున్నారు. ఒప్పుకునే ముందు నేను చూడగలిగినది ఏమైనా ఉందా?

ఉంది, దానికి పనిముట్లు కూడా అక్కరలేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఉండగా, చోక్ నాబును మెల్లగా అర అంగుళం లాగి చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేడి ఇంజిన్‌కు చోక్ వేస్తే మిశ్రమం చిక్కబడి శబ్దం బరువెక్కుతుంది, ఇంజిన్ ముక్కుతుంది. అలా కాకుండా అంతవరకు వణుకుతున్న ఇంజిన్ చోక్ వేయగానే నెమ్మదించి సాఫీగా తిరిగితే, అది పలచని మిశ్రమంతో అవస్థపడుతోందని తెలుస్తుంది. ఐడిలింగ్‌కు పెట్రోలు ఇచ్చే స్లో జెట్టు మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది కాబట్టి ఇది లీకుకు పూర్తి రుజువు కాదు గానీ, వెతకవలసిన దిక్కును చూపిస్తుంది.

తరవాత మానిఫోల్డ్ మీది ప్రతి గొట్టపు మూతినీ వేలితో తడిమి చూడాలి. నా 1995 మోడల్ కారుకు ఒక షెడ్డులో రెండుసార్లు కార్బొరేటర్ విప్పి సర్వీసు చేశారు, మూడోసారి కొత్తది వేద్దామన్నారు. ఆ ఆదివారం ఉదయం ఇంజిన్ నడుస్తుండగా మానిఫోల్డ్ వెనకవైపు చెయ్యి పెట్టి తడుముతుంటే, వాడుకలో లేని ఒక సన్నని గొట్టానికి తొడిగిన రబ్బరు టోపీ తగిలింది. పైనుంచి చూస్తే నల్లగా, నిండుగా ఉంది. అడుగువైపు మాత్రం గోరు దిగేంత పగులు. దాని మీద వేలు అదిమితే చర్మాన్ని లోపలికి పట్టి లాగింది, ఆ క్షణంలోనే బుస్సుమనే చప్పుడు ఆగి ఇంజిన్ చుట్లు మారిపోయాయి. వేలు తీస్తే మళ్లీ మొదలు. మిరపగింజంత చీలికకు నేను రెండు సర్వీసుల డబ్బు కట్టాను.

కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడమంటారు. ప్రమాదం లేదా?

ఉంది. నడుస్తున్న ఇంజిన్ మీద మండే ద్రవాన్ని చల్లుతున్నామని, పక్కనే వేడెక్కిన ఎగ్జాస్టు, ప్లగ్గు తీగలు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్నాయని మరచిపోకూడదు. సబ్బు కలిపిన నీళ్లను చిన్న స్ప్రే సీసాలో పోసి అనుమానం ఉన్న చోట కొద్దికొద్దిగా చల్లినా ఇదే పని జరుగుతుంది: నీరు సందును క్షణంపాటు మూసి లోపలికి లాగబడుతుంది, శబ్దం, చుట్లు మారతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత మీద పడకుండా చూసుకుంటే చాలు. స్ప్రే తప్పదనుకుంటే ఆరుబయట, దగ్గర్లో అగ్నిమాపక సిలిండరు ఉంచుకుని, ఒక్కో చోట ఒక్క పిచికారీ మించకుండా చేయాలి.

పొగ పెట్టి లీకు చూసే పద్ధతి ఇంట్లో సాధ్యమా? అగరుబత్తులతో చేయవచ్చంటున్నారు.

అగరుబత్తుల పద్ధతిని కార్బొరేటర్ బండి మీద ప్రయత్నించకండి. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు, మానిఫోల్డ్‌లో దాని ఆవిరి ఎప్పుడూ ఉంటాయి. మండుతున్న నిప్పును గొట్టంతో వాటికి కలపడం ఎంత చిన్న నిప్పైనా తెలివైన పని కాదు. పొగకు బదులు గాలి వాడవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కార్బొరేటర్ మూతిని పాలిథీన్‌తో బిగించి కట్టి, ఒక వాక్యూమ్ గొట్టం ద్వారా చేపల తొట్టికి వాడే చిన్న పంపుతో గాలి పంపుతూ, అతుకుల మీద సబ్బు నురగ రాయండి. కొంత గాలి వాల్వుల గుండా, ఫ్లోట్ గిన్నె దారుల గుండా పోతూనే ఉంటుంది, దాన్ని పట్టించుకోనవసరం లేదు. ప్యాకింగ్ అంచున బుడగలు లేచిన చోటే మనకు కావలసింది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను మాత్రం దీనికి తగిలించకూడదు, సీళ్లు ఊడిపోతాయి.

వాక్యూమ్ గేజీ ఎంత చూపించాలి? హైదరాబాద్‌లో నా బండికి 17 దాటడం లేదు.

పుస్తకాల్లో రాసే 17 నుంచి 21 అంగుళాల పాదరసం అనే లెక్క సముద్రమట్టానికి సంబంధించినది. ఎత్తు 300 మీటర్లు పెరిగినప్పుడల్లా సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 15 నుంచి 19 వరకు మామూలే. మీ 17 మంచి అంకె. అదే బండిని విశాఖపట్నం తీసుకుపోతే 19 దగ్గర చూపిస్తుంది, బెంగళూరులో 16కు దిగుతుంది. అంకె కంటే ముల్లు నడకను చూడటం ముఖ్యం. 12, 13 దగ్గర కదలకుండా నిలబడితే మానిఫోల్డ్ లీకునో, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనకబడటాన్నో అనుమానించాలి. లయగా ఒకే వ్యవధిలో కిందికి కొట్టుకుంటుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. దానికి ఎన్ని పైపులు మార్చినా ఫలితం ఉండదు.

స్పార్క్ ప్లగ్గులు చూసి లీకు ఎక్కడుందో చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. మూడూ తెల్లగా సున్నం రాసినట్టుంటే లీకు మూడు సిలిండర్లకూ ఉమ్మడి చోట, అంటే కార్బొరేటర్ అడుగునో పెద్ద పైపులోనో ఉండవచ్చు. రెండు ఇటుక రంగులో ఉండి ఒకటే తెల్లగా ఉంటే, ఆ సిలిండరుకు వెళ్లే మానిఫోల్డ్ కాలు దగ్గరి ప్యాకింగ్‌ను ముందు చూడాలి.

## భాగం దొరకనప్పుడు

అసలు పైపులు ఇప్పుడు రావడం లేదు. బదులుగా ఏవి వేయవచ్చు, ఏవి వేయకూడదు?

ముందు వేయకూడనివి చెబుతాను, ఎందుకంటే పాత బండ్లలో ఎక్కువగా కనిపించేవి అవే: ఆసుపత్రి సెలైన్ పైపు, చేపల తొట్టి పైపు, సైకిల్ వాల్వు ట్యూబు. మొదటి రెండూ ప్లాస్టిక్‌వి, బానెట్ కింది వేడికి నెల తిరక్కముందే గట్టిపడి మూతి దగ్గర వదులవుతాయి. మూడోది మెత్తనిది, వాక్యూమ్‌కు నొక్కుకుపోయి మూసుకుపోతుంది. అప్పుడు లీకు లేకపోయినా పని జరగదు.

పైపు కొనేముందు గొట్టపు మూతి బయటి కొలతను వెర్నియర్‌తో తీసుకుని, దానికంటే సుమారు అర మిల్లీమీటరు తక్కువ లోపలి వ్యాసం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్నని పొడి పైపులకు సిలికాన్ పైపు చక్కగా పనిచేస్తుంది, వేడికి చెక్కుచెదరదు. వాల్వు కవరు నుంచి వచ్చే ఆవిరి పైపుకు, పెట్రోలు తగిలే ఏ పైపుకూ మాత్రం సిలికాన్ పనికిరాదు. నూనెకు, పెట్రోలుకు అది ఉబ్బిపోతుంది. అక్కడ నూనెను తట్టుకునే, నూలు అల్లిక ఉన్న ఫ్యూయల్ హోస్ వేయాలి.

అచ్చు పోసిన వంపు పైపుల సంగతి వేరు. తిన్నని పైపును వంచితే మడతపడుతుంది. పాత పైపును చేతిలో పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట రబ్బరు పైపుల దుకాణానికి వెళ్లి వంపును వంపుతో పోల్చి చూడటమే దగ్గరి దారి. ఏ బండిదైనా సరే, వంపు, వ్యాసం కలిస్తే పొడవు కోసుకోవచ్చు. అదీ దొరకకపోతే రెండు తిన్నని ముక్కల మధ్య ఇత్తడి ఎల్బో పెట్టి, నాలుగు చివర్లకూ క్లిప్పులు బిగించాలి.

కార్బొరేటర్ కింద ఉండే నల్ల దిమ్మ వంగిపోయింది. అల్యూమినియంతో చేయించవచ్చా?

చేయించవద్దు. ఆ దిమ్మ బేకలైట్‌ది. మానిఫోల్డ్ వేడి కార్బొరేటర్‌కు ఎక్కకుండా ఆపడమే దాని ప్రధానమైన పని. అల్యూమినియం వేస్తే గాలి లీకు ఆగవచ్చు గానీ, మే నెల ఎండలో బండి ఆపి పది నిమిషాల తరవాత మళ్లీ స్టార్ట్ చేస్తే గిన్నెలో పెట్రోలు మరిగి ఇంజిన్ అందుకోదు.

దిమ్మ పగలకుండా కేవలం వంగి ఉంటే అసలు మార్చనక్కరలేదు. ఉక్కు స్కేలును దాని మీద నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే అదే లీకు దారి. మందపాటి అద్దం పలక మీద 220 నంబరు ఎమరీ కాగితం పరచి, చుక్క కిరోసిన్ వేసి, దిమ్మను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దాలి. బలంగా నొక్కితే మళ్లీ వంకరగానే అరుగుతుంది. దిమ్మ మీద ముందే పెన్సిలుతో గళ్లు గీసుకుంటే, అన్ని గళ్లూ చెరిగిన నాడు తలం సాపు అయినట్టు. ఆఖర్న 400 నంబరుతో నాలుగు తిప్పులు చాలు. రెండోవైపూ ఇదే పని. దిమ్మ ఇలా వంగడానికి నట్లను అతిగా బిగించడమే కారణం కాబట్టి, కార్బొరేటర్ అడుగు తలాన్ని కూడా అదే స్కేలుతో పరీక్షించాలి.

పగిలిపోయి ఉంటే అంతే మందం ఉన్న హైలం షీటుతో లేత్ షాపులో కొత్తది కోయించవచ్చు. ఒకప్పుడు హైదరాబాద్ సనత్‌నగర్‌లో నడిచిన బేకలైట్ హైలం కంపెనీ పేరే ఆ షీటుకు వాడుకలో నిలిచిపోయింది. కరెంటు పని చేసేవారిని అడిగినా తెచ్చిపెడతారు. లోపలి చిల్లుల అంచులు పాత దిమ్మతో అచ్చంగా కలవాలి, లేకపోతే గాలి నడక చెదురుతుంది.

మానిఫోల్డ్ ప్యాకింగ్ దొరకడం లేదు. చేత్తో కోసుకోవచ్చా?

కోసుకోవచ్చు, కాకపోతే ముందు ఆమ్నీ వ్యాన్‌కు అడిగి చూడండి. కార్బొరేటర్ ఆమ్నీలోనూ ఇదే 796 సీసీ ఎఫ్8బి ఇంజిన్ ఉంది, ఆ వ్యాన్ తయారీ 2019 దాకా సాగింది. ఆల్టోది కూడా 796 సీసీయే అని దాని ప్యాకింగ్ తెచ్చుకోకండి. అది పన్నెండు వాల్వుల ఇంజిన్, చిల్లుల అమరిక వేరు.

చేత్తో కోయాలంటే ఆస్‌బెస్టాస్ లేని జాయింట్ షీటును పాత ప్యాకింగ్ మందానికి సరిపడేది తీసుకోవాలి. మందాన్ని పాతదాని నొక్కుకుపోని అంచు దగ్గర కొలవాలి. మానిఫోల్డ్ తలానికి పలచగా గ్రీజు రాసి షీటు మీద అద్దితే ముద్ర పడుతుంది. ముందు స్టడ్ల చిల్లులను వాషర్ పంచితో కొట్టి, షీటును స్టడ్లకు తొడిగి సరిచూశాకే గాలి చిల్లులను కోయాలి. వరస తప్పితే షీటు జరిగి మొత్తం వృథా అవుతుంది. ఈ మానిఫోల్డ్ గుండా కూలెంట్ దారి కూడా ఉంటుంది కనుక విప్పే ముందు రేడియేటర్‌లోని కూలెంట్ దించుకోవాలి, నీటి చిల్లు చుట్టూ అంచు సన్నబడకుండా కోయాలి. పాత ప్యాకింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని పొడిగా గీకడం, వైరు బ్రష్షుతో రుద్దడం కూడదు. నీళ్లతో తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, మొద్దు చాకుతో తీయాలి.

ప్యాకింగ్ ఎందుకు, ఎర్ర సిలికాన్ గమ్ము పూస్తే సరిపోదా?

సరిపోదు. మామూలు సిలికాన్ గమ్ము పెట్రోలు తగిలితే మెత్తబడి ఊడి, ముక్కలుగా లోపలికి పోతుంది. కార్బొరేటర్ అడుగున దాన్ని అసలు వాడకూడదు. తలాలు సాపుగా ఉంటే పొడి ప్యాకింగే చాలు.

థ్రాటిల్ కడ్డీ ఆడుతోంది. కొత్త కార్బొరేటర్ తప్ప దారి లేదా?

ఉంది, కానీ అది మంచి చెయ్యి ఉన్న టర్నర్ చేయవలసిన పని. ఇరవై, ముప్పై ఏళ్లు యాక్సిలరేటర్ కేబుల్ ఒకేవైపు లాగడం వల్ల ఉక్కు కడ్డీ అల్యూమినియం బాడీలోని చిల్లును కోడిగుడ్డు ఆకారంలో అరగదీస్తుంది. కడ్డీని పట్టుకుని పైకీ కిందికీ ఆడించినప్పుడు ఇంజిన్ చుట్లు మారితే లీకు అక్కడ ఉన్నట్టే. చిల్లును పెద్దది చేసి ఇత్తడి బుష్ వేయించాలి. రెండువైపుల చిల్లులూ ఒకే గీతలో ఉండేలా ఒకే బిగింపులో పని జరగాలి, లేకపోతే కడ్డీ పట్టేసి యాక్సిలరేటర్ వెనక్కి రాదు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే లోపం. థ్రాటిల్ పళ్లెం మరలను విప్పేముందు పళ్లెం ఏ వైపు ఎటు ఉందో గుర్తు పెట్టుకోవాలి, తిరిగి బిగించేటప్పుడు మరలు ఊడకుండా లాక్ చేసే ద్రావణం తప్పక వాడాలి. ఊడిన మర నేరుగా సిలిండరులోకే పోతుంది.

డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న డబ్బా లీకవుతోంది, కొత్తది దొరకలేదు. అప్పటిదాకా బండి నడపవచ్చా?

నడపవచ్చు. ఆ డబ్బాలోని పొర వాక్యూమ్‌ను బట్టి టైమింగ్‌ను ముందుకు జరుపుతుంది. దాని పైపును పీకి, కార్బొరేటర్ వైపు మూతిని గట్టిగా మూసేస్తే లీకు ఆగుతుంది. మైలేజీ కొంత తగ్గుతుంది, నిలకడ వేగంలో లాగుడు మందగిస్తుంది, అంతకుమించి నష్టం ఉండదు. పొర బాగుందో లేదో తెలుసుకోవడానికి పైపు చివరను నోటితో పీల్చి నాలుకతో మూసి పట్టుకోండి. లోపలి పళ్లెం కదిలి అక్కడే ఆగితే బాగున్నట్టు, మెల్లగా వెనక్కి జారిపోతే చిరిగినట్టు.

బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్ సాయంతో బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే డబ్బా) లీకు కూడా ఇలాగే సర్దుకోవచ్చా?

కూడదు. బూస్టర్ ఉన్న మోడల్లో, ఇంజిన్ ఆపి పెడలు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగకపోయినా, తొక్కినప్పుడు బుస్సుమని వినిపించి ఇంజిన్ తడబడినా, పైపును, వన్‌వే వాల్వును, ఆపై బూస్టర్‌ను పరీక్షించాలి. ఇక్కడ బూస్టర్ కోసమే చేసిన మందపాటి హోస్ తప్ప వేరొకటి వేయవద్దు. బూస్టర్ పొర పోతే పని తెలిసిన బ్రేకు షాపుకు అప్పగించడమే సరైనది.

ఇన్నీ కాదని పాత సామానే కావాలంటే ఎక్కడ వెతకాలి?

విజయవాడ ఆటోనగర్‌లో పాత మారుతి సామాను చూసినవారు ఇంకా ఉన్నారు. చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ కూడా ఇందుకు పేరున్న మార్కెట్లే. ఒక హెచ్చరిక: ఏళ్లుగా గోడౌన్‌లో పడి ఉన్న రబ్బరు భాగం ప్యాకెట్టు విప్పనిదైనా కొత్తది కాదు. వేళ్ల మధ్య వంచి చూస్తే సన్నని గీతలు విచ్చుకునేదాన్ని ఎంత తక్కువకిచ్చినా కొనకండి. లోహపు భాగాలకు ఈ భయం లేదు.

## బిగించాక

నట్లు ఎంత బిగించాలి?

మానిఫోల్డ్‌కు వాడే ఎం8 నట్లకు సాధారణంగా 18 నుంచి 23 న్యూటన్ మీటర్లు చాలు. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. మధ్య నట్టుతో మొదలుపెట్టి చివర్లకు వెళ్తూ, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో బిగించాలి. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి కుదించుకుంటుంది కనుక ఇంజిన్ ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ సరిచూడాలి. కార్బొరేటర్ నట్లను అంతకంటే తేలికగా బిగించాలి, బేకలైట్ బలవంతాన్ని ఓర్చుకోదు.

లీకు మూశాక ఐడిలింగ్ ఇంకా పాడైంది. తప్పెక్కడ జరిగింది?

బహుశా ఎక్కడా తప్పు జరగలేదు. లీకు ఉన్న రోజుల్లో దాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో మిక్శ్చర్ స్క్రూను విప్పి పెట్రోలు పెంచి, థ్రాటిల్ స్క్రూను బిగించి చుట్లు సరిచేసి ఉంటారు. ఇప్పుడు దొంగగాలి ఆగింది కనుక ఆ పెట్రోలు ఎక్కువైంది. మిక్శ్చర్ స్క్రూను మెత్తగా అడుగుదాకా బిగించి, సుమారు రెండున్నర చుట్లు విప్పి మొదలుపెట్టండి. వేడి ఇంజిన్ మీద దాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఎక్కువ చుట్లు వచ్చే చోట ఆపి, థ్రాటిల్ స్క్రూతో ఐడిలింగ్ తగ్గించి, మళ్లీ ఒకసారి సరిచూడాలి. స్క్రూను పూర్తిగా బిగించినా ఇంజిన్‌లో మార్పు రాకపోతే, లీకు ఇంకొకటి మిగిలి ఉందో లేక థ్రాటిల్ పళ్లెం ఎక్కువగా తెరుచుకుని ఉందో చూడాలి.

పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ తక్కువే వచ్చింది, హైడ్రోకార్బన్లు మాత్రం మించిపోయాయి. ఇదెలా?

లీకు ఉన్న బండి ఇచ్చే రీడింగు ఇదే. పలచని మిశ్రమం కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ తక్కువ. మంట తప్పిన ప్రతిసారీ కాలని పెట్రోలు అలాగే బయటికి వస్తుంది కాబట్టి హైడ్రోకార్బన్లు ఎక్కువ. భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం పరిమితి. రీడింగు చీటీని పారేయకుండా దాచుకోండి. లీకు మూయకముందు ఒకటి, మూశాక ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే పని ఎంతవరకు అయిందో తెలిసిపోతుంది.

ఏసీ వేస్తేనే ఇంజిన్ ఆగిపోతోంది. అదీ లీకేనా?

ఏసీ వేసినప్పుడు చుట్లు పెంచడానికి కార్బొరేటర్ పక్కన వాక్యూమ్‌తో పనిచేసే చిన్న పొర డబ్బా ఉంటుంది, దానికి వాక్యూమ్ పంపే కరెంటు వాల్వు ఒకటి ఉంటుంది. ఏసీ వేయగానే డబ్బా కడ్డీ కదలాలి. కదలకపోతే పైపును, వాల్వు కనెక్టరును, ఆ తరవాత పొరను చూడాలి.

ముందుజాగ్రత్తగా కొన్ని భాగాలు కొని దాచుకోవచ్చా?

ప్యాకింగులు, ఒక బేకలైట్ దిమ్మ, దొరికితే ఒక వాక్యూమ్ డబ్బా దాచుకోవడం మంచిదే. కాగితపు ప్యాకింగులను వంగకుండా పాత డైరీ పేజీల మధ్య పెట్టండి. రబ్బరును మాత్రం పోగుచేయకండి. తప్పనిసరైతే గాలి చొరని కవరులో, ఎండ తగలని అల్మారాలో, మోటార్లకు దూరంగా ఉంచాలి, ఎందుకంటే వాటి నిప్పురవ్వల వల్ల పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. కవరు మీద కొన్న నెల, సంవత్సరం, ఏ గొట్టానికో రాసి పెట్టండి.